టిపరరీలో ఆరు పీపాల సైడర్

ఈ ప్రయాణానికి కారణం మా ఆఫీసు క్యాంటీన్‌లో ఒకావిడ నా ముందు పెట్టిన సీసా. నేను డబ్లిన్ దగ్గర మందుల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పనిచేస్తాను. మాత్రల్లో, సిరప్పుల్లో ఈస్టు, బూజు లాంటివి చేరాయేమో చూసి, చేరితే పనికిరాదని రాసి పంపడం నా పని. అంటే పదకొండేళ్ళుగా ఈస్టుకీ నాకూ పడదు. ఆ రోజు మా సహోద్యోగి తన మేనమామ ఇంట్లో చేసిన ఆపిల్ సైడర్, అంటే ఆపిల్ రసం పులియబెట్టి చేసే మద్యం, తెచ్చింది. సీసా మీద అతికించిన కాగితం మీద చేత్తో 'ఆపిల్స్ మాత్రమే' అని రాసి ఉంది. మరి పులియడానికి ఈస్టు ఎప్పుడు వేస్తారని అడిగాను. వెయ్యరు, అదే వస్తుంది అంది. ఎక్కణ్ణుంచి వస్తుందంటే భుజాలెగరేసింది. సాయంత్రం ఇంటికి తీసుకెళ్ళి ఒక గుక్క తాగి చూశాను. సూపర్‌మార్కెట్‌లో దొరికే, ఐస్ ముక్కల మీద పోసుకునే తియ్యటి సైడర్‌కీ దీనికీ పోలికే లేదు. పచ్చి ఉసిరికాయ కొరికినప్పటి వగరు నాలుక మీద నిలిచింది. తాటికల్లు కూడా ఎవరూ ఏమీ వెయ్యకుండానే పులుస్తుంది కదా అని మా ఆయన రఘు తేలిగ్గా తీసిపారేశాడు. నాకు మాత్రం ఆ 'అదే వస్తుంది' అన్న మాట వారం రోజులు బుర్ర తినేసింది.

ఆపిల్స్‌కి ఈ ద్వీపంలో పేరున్న చోటు ఆర్మా. కానీ అది ఉత్తర ఐర్లండ్‌లో ఉంది. మనలాంటి భారత పాస్‌పోర్ట్ వాళ్ళకి ఇక్కడి రెసిడెన్స్ కార్డు ఉన్నా అక్కడికి వెళ్ళాలంటే బ్రిటన్ వీసా కావాలి. దారిలో గేటు ఉండదు, ఆపేవాళ్ళు కనబడరు, అయినా నిబంధన నిబంధనే. అందుకని దక్షిణం వైపు కార్లో, టిపరరీ కౌంటీలు ఎంచుకున్నాం. చాలామంది ఆపిల్స్ కోసే అక్టోబర్‌లో వెళ్తారు. అప్పుడు అందరూ పనిలో మునిగి ఉంటారు, మాట్లాడే తీరిక ఉండదు. చలికాలమంతా పీపాల్లో నెమ్మదిగా పులిసిన సైడర్‌ను సీసాల్లోకి నింపేది మే నెలలో. అడిగే నోరు, వినే చెవులు ఉన్నవాళ్ళు వెళ్ళాల్సింది అప్పుడే. తోటలు కూడా పూత మీద ఉంటాయి.

ఇక రవాణా. ఈ చిన్న చిన్న సైడర్ చేసేవాళ్ళ దగ్గరికి బస్సులు పోవు, కారు ఉండాలి, కారు నడిపేవాళ్ళు ఒక్క చుక్క కూడా ముట్టకూడదు. హైదరాబాద్‌లో పద్నాలుగేళ్ళు కారు నడిపిన రఘు ఇక్కడ మళ్ళీ ఓనమాలు దిద్దుకుని, రెండోసారికి పరీక్ష పాసై, ఇప్పుడు అద్దానికి కొత్త డ్రైవర్ అని తెలిపే ఎన్ ప్లేటు అంటించుకుని తిరుగుతున్నాడు. కొత్త డ్రైవర్లకి మద్యం పరిమితి మామూలు వాళ్ళకంటే ఇంకా తక్కువ. వాసన చూసినా గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, పట్టుకుంటారేమో అన్నంత భయం అతనికి. సహజంగా తాగే అలవాటు కూడా లేదు కాబట్టి నాకు ఇంతకంటే మంచి డ్రైవర్ దొరకడు.

శనివారం పొద్దున్న ఎనిమిదింటికి క్లాండాల్కిన్‌లో మా ఇంటి నుంచి బయల్దేరి, ఎన్ 7 ఎక్కి, ఎమ్ 7 నుంచి ఎమ్ 9 మీదికి మళ్ళాం. ఈ దారిలో టోల్ లేదు. గంటంపావులో కార్లో ఊరు దాటి, చిన్న రోడ్డు మీద ఇంకో పది నిమిషాలు పోతే ఈఫా వాళ్ళ పొలం వచ్చింది. ముందుగా మెయిల్ రాసి పెట్టుకున్నాం. మనిషికి పదిహేను యూరోలు, గంటన్నర చూపిస్తుంది. డ్రైవర్‌కి సగం ధర, ఆపిల్ రసం. ఈఫాకి ముప్ఫై ఐదేళ్ళుంటాయేమో. ఒకప్పుడు ఆవుల పాలు పితికిన షెడ్డునే కడిగి, సున్నం కొట్టి, సైడర్‌కి వాడుకుంటోంది.

నా ప్రశ్న మొదట ఆవిడనే అడిగాను. నవ్వి, గోడకి వేలాడుతున్న గోతం లాంటి ముతక గుడ్డ చూపించింది. తరిగి నలిపిన ఆపిల్ గుజ్జును ఆ గుడ్డల్లో మడతపెట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చి పైనుంచి నొక్కుతారు. రసం కారుతుంది. ఈస్టు ఆపిల్ తొక్క మీద కొంత, గుడ్డలో కొంత, నొక్కే చెక్కలో కొంత, షెడ్డు గోడల్లో కొంత ఉంటుంది. ఎవరి షెడ్డు ఈస్టు వాళ్ళది, అందుకే పక్క పొలంలో అవే ఆపిల్స్‌తో చేసినా ఇదే సైడర్ రాదని చెప్పింది. మా ల్యాబ్‌లో అయితే ఆ గుడ్డను చూడగానే నలుగురం ముసుగులు వేసుకుని పరిగెత్తేవాళ్ళం. నేను ముట్టుకుని చూశాను. పులిసిన పిండి గిన్నె వాసన వచ్చింది. చంపాల్సిన దాన్ని ఇంత మర్యాదగా ఇంట్లో పెట్టుకున్నవాళ్ళని చూడడం నాకు అదే మొదటిసారి, సరదాగా కూడా అనిపించింది.

ఈఫా నాలుగు రకాలు రుచి చూపించింది. రఘు మూలన ఆపిల్ రసం తాగుతుంటే ఫోటో తీసి మా వాళ్ళ గ్రూపులో పెట్టాను. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లేనంటారు కదా, అరగంటలో రఘు వాళ్ళ అక్క నుంచి ఫోన్ రానే వచ్చింది. తాగడం లేదక్కా అని అతను ఆవిడకి ఎంత చెప్పినా నమ్మినట్టు లేదు.

బయల్దేరేముందు, టిపరరీ వైపు ఇంకా ఎవరినైనా చూడొచ్చా అని ఈఫాని అడిగాను. కాస్త ఆలోచించి డెనిస్ అని ఒక పెద్దాయన పేరు చెప్పింది. బోర్డు ఉండదు, వెబ్‌సైట్ ఉండదు, ఫోన్ చేసి వెళ్ళాలి, మనిషి మాత్రం ఎంతో మంచివాడు అంది. ఆయన సైడర్ ఎలా ఉంటుందని అడిగితే, ఆయన చెట్లు ఎనభై ఏళ్ళ నాటివని చెప్పింది. నేను అడిగింది చెట్ల గురించి కాదు కదా అని అప్పుడు అనిపించలేదు. ఆవిడే ఫోన్ చేసి మేం వస్తున్నామని ఆయనకి చెప్పింది.

కిల్కెన్నీలో కోట పక్క పార్కులో ఆగి, తెచ్చుకున్న పులిహోర తిన్నాం. పార్కులోకి టికెట్ లేదు, కారు నిలపడానికి మాత్రం మూడు నాలుగు యూరోలవుతుంది. అక్కణ్ణుంచి ఎన్ 76 మీద క్లాన్‌మెల్ వైపు గంట ప్రయాణం. క్లాన్‌మెల్ ఇంకా పావుగంట ఉందనగా ఎడమకి తిరగాలి. తర్వాత దారి ఎంత సన్నం అంటే, ఎదురుగా ట్రాక్టర్ వస్తే రఘు రెండొందల గజాలు వెనక్కి నడపాల్సి వచ్చింది. ట్రాక్టర్ ఆయన వేలెత్తి పలకరించి వెళ్ళాడు. రెండింటికి డెనిస్ ఇంటి ముందు దిగాం.

డెబ్భై దాటిన మనిషి, పొడుగ్గా, కొంచెం వంగి ఉన్నాడు. ముందు తోట చూపించాడు. ముసలి చెట్లన్నీ తెలుపు, గులాబీ పూతతో నిండి ఉన్నాయి. వాటి కాయ తినడానికి పనికిరాదనీ, కొరికితే నోరు మూసుకుపోయేంత వగరనీ, ఆ వగరే సైడర్‌కి చిక్కదనం ఇస్తుందనీ చెప్పాడు. నడుస్తూ ఉండగానే తన సంగతి కూడా చెప్పేశాడు. ఇక్కడివాళ్ళు వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా అన్నీ చెప్పేస్తారు, వినేవాళ్ళే సర్దుకోవాలి.

ముప్ఫై ఏళ్ళు సైడర్ చేసింది ఆయన, రుచి చూసింది ఆయన భార్య నోరీన్. ఏ పీపా బాగుందో, ఏది చెడిందో ఆవిడే చెప్పేది. రెండు చలికాలాల కిందట ఆవిడ పోయింది. పోయిన ఏడాది మొదటిసారి ఆయన ఒక్కడే చేసి, తనే రుచి చూసుకుని, సీసాల్లో నింపాడు. ఒక రెస్టారెంట్, రెండు దుకాణాలు ఎప్పటిలాగే తీసుకున్నాయి. మళ్ళీ ఎవరూ అడగలేదు. ఎలా ఉందని ఫోన్ చేస్తే అందరూ గ్రాండ్ అన్నారు. ఇక్కడ గ్రాండ్ అంటే గొప్పగా ఉందని కాదు, పర్లేదు బాగానే ఉంది అని. ఈఫా కూడా వచ్చి తాగి గ్రాండ్ అందట.

"గ్రాండ్ అయితే మళ్ళీ ఎందుకు కొనరు?" అని ఆయన నన్నే అడిగాడు. "సోమవారం సీసాలు నింపే యంత్రంతో లారీ వస్తోంది. ఆరు పీపాలూ ఒక్క ట్యాంకులో కలిపి నింపేస్తారు. ఈసారి కూడా ఇలాగే అయితే నేను ఆపేస్తాను. పక్క పొలం అతను పశువుల కోసం ఈ నేల అడుగుతున్నాడు. చెట్లు తీయించి ఇచ్చేస్తాను."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన చెయ్యి ఒక చెట్టు మీద ఉంది. రఘు ఎన్ని చెట్లున్నాయని అడిగాడు. నూటపది అన్నాడు డెనిస్.

పీపాల గది ఇంటి వెనకాల ఉంది. రాతి గోడలు, మట్టి నేల, లోపలికి వెళ్ళగానే ఒళ్ళు చల్లబడింది. ఒక్కోటి రెండొందల పాతిక లీటర్లు పట్టే ఓక్ పీపాలు ఆరు, వరసగా, సుద్దతో అంకెలు వేసి ఉన్నాయి. పొడుగాటి గాజు గొట్టం పైనుంచి దించి, పై కొస బొటనవేలితో మూసి, కొంచెం సైడర్ పైకి తీసి నా గ్లాసులో వదిలాడు. వచ్చినవాళ్ళందరినీ అడిగినట్టే నన్నూ అడిగాడు, ఏమనిపిస్తోందని. మొదటి పీపా బాగుంది. రెండోది ఇంకా బాగుంది, కమలాపండు తొక్క చేదు లాంటిది కొంచెం తగిలింది. అదే చెప్పాను. ఆయన తల ఊపాడు.

మూడో పీపా. గుక్క తాగాను, మింగాను, మామూలుగానే ఉంది. గ్లాసు దించి రఘుతో ఏదో అనబోతుండగా నోట్లో ఇంకేదో మొదలైంది. నాకు బాగా తెలిసిన వాసన. బాస్మతి అన్నం ఉడికాక కుక్కర్ మూత తీస్తే మొహానికి కొడుతుందే, అచ్చం అది. ఎక్కడి టిపరరీ, ఎక్కడి బాస్మతి అని నాకు భలే సంతోషం వేసింది. మా ఇంట్లో నాకు వంకల వాణి అని పేరు. ఉప్పు ఎక్కువ, పోపు మాడింది అంటూ ఏదో ఒకటి అంటానని. పరాయి ఇంట్లో మాత్రం పెట్టింది బాగుందనడం మన మర్యాద. ఇక్కడ మర్యాద కోసం కాదు, మనస్ఫూర్తిగా మెచ్చుకునే అవకాశం దొరికింది. ఇది అన్నిటికంటే ప్రత్యేకంగా ఉంది, చివర్లో అప్పుడే వండిన మంచి బియ్యం వాసన వస్తోంది, మా ఇంటి వాసన అని ఉత్సాహంగా చెప్పేశాను.

డెనిస్ చేతిలోని గాజు గొట్టం పక్కన పెట్టాడు.

"ఆ వాసన వెంటనే వచ్చిందా, మింగాక వచ్చిందా?"

మింగిన తర్వాత, పది లెక్కపెట్టేంతసేపు ఆగి వచ్చిందని చెప్పాను. ఆయన అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాడు. నెమ్మదిగా వివరించాడు. సైడర్‌కి పట్టే జబ్బు ఒకటుంది. ముక్కుకి తెలియదు, తాగినప్పుడు తెలియదు, మింగాక తెలుస్తుంది. కొందరికి పాప్‌కార్న్ లాగా, కొందరికి బిస్కెట్ లాగా, ముదిరితే ఎలుకల బోను కంపులాగా ఉంటుందట. బియ్యం అని కూడా ఎక్కడో చదివాడట. మొదట్లో కొంచెమే ఉంటుంది, సీసాలోకి వెళ్ళాక పెరుగుతుంది. కొంతమంది నోటికి అది అసలు తెలియదు. తన నోరు అలాంటిదే. నోరీన్‌కి మాత్రం చిటికెలో తెలిసిపోయేది.

"దీన్ని ఇంత సంతోషంగా చెప్పినవాళ్ళు మాత్రం మీరొక్కరే," అన్నాడు. నవ్వడానికి ప్రయత్నించాడు గానీ కుదరలేదు.

సిగ్గుతో నాకు నేలలోకి దిగిపోవాలనిపించింది. ఆయన బతుకు చెడగొడుతున్న కంపును పట్టుకుని మా ఇంటి వాసన అని మురిసిపోయాను. ఆ వెంటనే, పోయినేడాది గ్రాండ్ అన్నవాళ్ళందరికీ ఇది తెలిసే ఉంటుందనీ, ఈయన మొహం చూసి ఎవరూ చెప్పలేకపోయారనీ అర్థమైంది. నేను సైడర్ గురించి అడిగితే చెట్ల గురించి చెప్పిన ఈఫా కూడా. ఆవిణ్ణి తప్పుపట్టలేను. ఇది జబ్బు అని తెలిసి ఉంటే నేనూ చెప్పేదాన్ని కాదు. బాగుందండీ అని నాలుగు సీసాలు కొనుక్కుని కారెక్కేదాన్ని.

మిగతా పీపాలు కూడా చూసిపెట్టమని డెనిస్ అడిగాడు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుందంటారు. పీపాల దగ్గర ఆ లెక్క చెల్లదు, దేని సంసారం దానిదే. చెడ్డది ఒక్కటి ట్యాంకులో కలిసినా మొత్తం పోతుంది. మంచిదాన్ని చెడ్డదంటే మూడొందల సీసాలు అన్యాయంగా పారబోసినట్టు. నీళ్ళతో పుక్కిలించి, ఐదు నిమిషాలు ఆగి, గుక్క తాగి, పది లెక్కపెట్టి, మళ్ళీ మొదలు. నాలుగోది బాగుంది. ఐదోదానిలో ఎక్కడో పల్చగా ఆ అన్నం వాసన. ఆరోది బాగుంది. మళ్ళీ ఒకటి నుంచి చూశాను. మూడు, ఐదు. అలా అన్నానే గానీ నా మాట మీద నాకే నమ్మకం లేదు. ల్యాబ్‌లో అయితే ఒకే మనిషి ఒకసారి చూసి చెప్పింది ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నాకు తోడు ఇంకో నోరు కావాలి.

"ఏవండీ, మీరు ఒక్క చుక్క నాలిక మీద వేసుకుని ఉమ్మెయ్యకూడదా?" అని రఘుని బతిమాలాను.

"రెండున్నర గంటలు డ్రైవింగ్ ఉంది వాణీ. నువ్వేం చెప్పినా నేను ముట్టను. అయినా ల్యాబ్‌లో నువ్వు నాలికతో చూస్తావా ఏంటి? అక్కడేం చేస్తావో అది చెయ్యి," అన్నాడు.

కోపం వచ్చింది గానీ ఆ మాట పనికొచ్చింది. ఈ వాసన ముక్కుకి ఎందుకు తెలియదు, మింగాకే ఎందుకు తెలుస్తుంది? సైడర్ పుల్లగా ఉంటుంది. ఆ పులుపు ఈ వాసనను లోపల కట్టేసి ఉంచుతోందేమో. మింగాక నోట్లో లాలాజలం ఊరి పులుపు విరిగిపోతే అది బయటికొస్తోందేమో. అందరి లాలాజలం ఒకలా ఉండదు కాబట్టి కొందరికి రావడం లేదు. అలాగైతే నోటితో పనేముంది, పులుపును గ్లాసులోనే విరగ్గొడితే సరిపోతుంది. మీ ఇంట్లో వంటసోడా ఉందా అని డెనిస్‌ని అడిగాను. ఈ దేశంలో దాన్ని బ్రెడ్ సోడా అంటారు, రొట్టె చేసే ప్రతి ఇంట్లో ఉంటుంది.

"ప్రెస్‌లో నోరీన్ డబ్బా ఉంది. ఆవిడ పోయాక ఎవరూ తీయలేదు," అన్నాడు. ప్రెస్ అంటే వంటింటి అలమర.

డబ్బా తీసుకొచ్చాడు. మూత బిగుసుకుపోతే రఘు తీశాడు. మూడో పీపా సైడర్ గ్లాసులో కొంచెం పోసి, చిటికెడు సోడా వేశాను. బుస్సుమని పొంగింది, బంగారు రంగు తగ్గి టీ రంగుకి తిరిగింది. ముందు నేను వాసన చూశాను. ఈసారి ముక్కుకే కొట్టింది, అన్నమే గానీ మూడు రోజులు మూత పెట్టి వదిలేసిన అన్నం. గ్లాసు డెనిస్‌కి ఇచ్చాను. నా లెక్క తప్పేమోననీ, ఆయన ముక్కుకి కూడా తెలియదేమోననీ భయంగానే ఉంది.

ఆయన వాసన చూశాడు. గ్లాసు దూరంగా పట్టుకుని, మళ్ళీ దగ్గరికి తెచ్చుకుని చూశాడు.

"ఇదా!" అన్నాడు చివరికి. "ముప్ఫై ఏళ్ళు నోరీన్ చెప్తే నమ్మాను. నాకు మాత్రం ఇదెప్పుడూ తెలియలేదు. అతి చేస్తున్నావని రెండు మూడుసార్లు విసుక్కున్నాను కూడా."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. రఘు మాత్రం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ మనిషి, దేన్నీ ఒక్కసారికి నమ్మడు. ఇద్దరూ బయటికి వెళ్ళండి అన్నాడు. మేం వాకిట్లో నిలబడి ఉండగా ఆరు గ్లాసుల్లో ఆరు పీపాల సైడర్ పోసి, అన్నిట్లో సోడా కలిపి, అడుగున అంకెల కాగితాలు అంటించి, తారుమారు చేసి బల్ల మీద పెట్టాడు. ఏది ఏమిటో నాకూ తెలియదు కాబట్టి నా మొహం చూసి కూడా డెనిస్ కనిపెట్టలేడు. ఆయన బల్ల ముందు నిలబడి ఒక్కోటీ వాసన చూశాడు. ఒక గ్లాసు పక్కకి జరిపాడు. ఇంకోదాని దగ్గర ఆగాడు, వదిలేసి ముందుకెళ్ళాడు, మళ్ళీ వెనక్కి వచ్చి దాన్ని కూడా జరిపాడు. రఘు ఆ రెండూ ఎత్తి అడుగు చూపించాడు. మూడు. ఐదు.

డెనిస్ బయటికి వెళ్ళి పొడుగాటి రబ్బరు పైపు తెచ్చాడు. ఒక కొస మూడో పీపాలో పెట్టి, రెండో కొస పొలం గట్టు మీద పడేశాడు. వెనిగర్ చేసుకోవచ్చేమో అని నేను నసిగాను. వద్దు, ఇది ఈ గదిలో ఉండకూడదు అన్నాడు. మూడోది, తర్వాత ఐదోది, మొత్తం నాలుగొందల యాభై లీటర్లు గడ్డిలోకి పోవడానికి చాలాసేపు పట్టింది. ఆయన పైపు పక్కనే నిలబడి ఉన్నాడు, మేమూ నిలబడ్డాం. ఒక ఏడాది పనిలో మూడోవంతు కళ్ళముందే పోతుంటే ఆయన మొహంలో నేను అనుకున్నంత బాధ కనిపించలేదు. మధ్యలో ఒకసారి, నాలుగు పీపాలు చాలు, రెస్టారెంట్ వాళ్ళకి ముందు ఒక సీసా నేనే పట్టుకెళ్తాను, పోయినేడాది దానికి క్షమాపణ కూడా చెప్పాలి అన్నాడు. పక్క పొలం అతనికి ఏం చెప్తారని రఘు అడిగాడు. "పశువులకి ఇంకెక్కడైనా చూసుకోమంటాను," అన్నాడు.

ఐదున్నరకి బయల్దేరాం. రుచి చూపించినందుకు ఆయన డబ్బు పుచ్చుకోలేదు. తిరుగు ప్రయాణంలో కాహిర్ దగ్గర ఎమ్ 8 ఎక్కితే దారి తేలిక, పోర్ట్‌లీష్ దగ్గర రెండు యూరోల పైచిలుకు టోల్ ఉంటుంది. మొత్తం రోజుకి పెట్రోల్ నలభై యూరోల లోపే అయింది. ఎనిమిదింటికి ఇల్లు చేరేసరికి ఇంకా వెలుతురు ఉంది.

తర్వాత చాలా రోజులు ఇదే ఆలోచించాను. ల్యాబ్‌లో రోజూ పనికిరాదని రాస్తాను, ఎదురుగా మనిషి ఉండడు కాబట్టి చెయ్యి వణకదు. మనిషి ఎదురుగా ఉంటే మాత్రం మనం అబద్ధమాడి, దానికి మర్యాద అని పేరు పెట్టుకుంటాం. వాళ్ళ గ్రాండ్, మన 'చాలా బాగుందండీ' ఒక తల్లి పిల్లలే. అంతమంది మర్యాదస్తులు కలిసి ఒక పెద్దాయన చేత నూటపది చెట్లు కొట్టించేసేవారు. నేను నిజం చెప్పానని గొప్పలు పోవడానికి కూడా లేదు, తెలియక చెప్పాను. తెలిసి చెప్పగలనా అన్నది నాకు ఇప్పటికీ అనుమానమే. సోమవారం సాయంత్రం డెనిస్ ఫోన్ చేశాడు. వెనక లారీ చప్పుడు వినబడుతోంది. పన్నెండొందల సీసాలు నిండాయని చెప్పి, ఇంకో మాట కూడా అన్నాడు: "నింపేముందు ట్యాంకులోది సోడా వేసి నేనే చూశానమ్మా. శుభ్రంగా ఉంది. ఎవరినీ అడగలేదు."

మీరూ వెళ్తుంటే ఒక్క సలహా. ఇలాంటి చిన్న చోట్లకి ముందు ఫోన్ చేసి వెళ్ళండి. ఎలా ఉందని వాళ్ళు అడిగితే వెంటనే జవాబివ్వకండి. మింగి, పది లెక్కపెట్టి, అప్పుడు నోట్లో ఏముందో అదే చెప్పండి.